బెంజిమిన్ వేయని వేలిముద్ర

కోట్లు ఖరీదు చేసే మర ఒకటి గురజాల బెంజిమిన్ పెట్టిన చీవాట్లకు సిగ్గుపడి తల దించుకుంది.

సరే, సిగ్గుపడలేదేమో. మరకు సిగ్గుండదు, ఆ విషయంలో దానికీ బెంజిమిన్‌కూ పెద్ద తేడా లేదు. తల దించుకునే వీలూ లేదు, ఎందుకంటే దానికి తలే లేదు. చక్రాల పెట్టె మీద నుంచి వంగిన పొడుగాటి చెయ్యొక్కటే ఉంది. కానీ గుంటూరులో ఒక ఆస్పత్రిలో ఆ చెయ్యి ముప్పావు గంట సేపు గాలిలో ఊరికే నిలబడిపోయిన మాట మాత్రం నిజం. దాన్ని అలా నిలబెట్టింది బెంజిమినే, అదీ ఒకే ఒక్క పెన్ను గీతతో.

గురజాల రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో మెట్లెక్కగానే కనిపించే మొదటి బల్ల బెంజిమిన్‌ది. దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. ఎదుటివాళ్లను ఈసడించడం ఆయన వ్యసనం. రెండింటినీ నలభై రెండేళ్లుగా ఒకే బల్ల మీద సాగిస్తున్నాడు. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర కాపీ పుస్తకాలు దిద్ది నేర్చుకున్న రాత ఆయనది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, తలకట్లన్నీ ఒకే ఎత్తున నిలబడతాయి, వరసలు నాగటి చాళ్లంత తిన్నగా సాగుతాయి. ఇది ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకున్నాక ఆ మనిషిని భరించడమే కష్టం. తన రాత బాగుందంటే ఆయనకు చాలదు, లోకంలో మిగతా రాతలన్నీ పాడురాతలని తేలాలి. తహసీల్దారు సంతకం చూస్తే "జెర్రి పాకింది" అంటాడు. పాస్టరు గారు రాసిచ్చిన పెళ్లి ధ్రువపత్రం చూసి, "ఈ రాతతో చేసిన పెళ్లి ఎన్నాళ్లు నిలుస్తదో!" అని పెళ్లికొడుకు ముందే అన్న మనిషి.

పక్క బల్ల దగ్గర కంప్యూటరు పెట్టుకుని కూర్చునే ఝాన్సీ ఆయన తమ్ముడి కూతురు. నిజానికి ఇప్పుడు దస్తావేజులన్నీ ఆ పిల్లే టైపు చేస్తుంది. బెంజిమిన్ చిత్తు రాసిస్తాడు, చివర "రాసినవారు" అన్నచోట లైసెన్సు నంబరు వేసి సంతకం పెడతాడు. తన పని అంతవరకే మిగిలిందన్న కోపం ఆ అచ్చు అక్షరాల మీద తీర్చుకుంటాడు.

"ఇడ్లీ రేకులో పోసినట్టు అన్నీ ఒకటే సైజు. దీన్ని రాత అంటారంటే?"

"అనకపోతే పోనీ పెదనాన్నా. పనైపోతంది గదా," అంటుంది ఝాన్సీ, తలెత్తకుండా.

అయితే ఆయన అసలైన చులకన వేలిముద్రగాళ్ల కోసం దాచిపెట్టుకున్నాడు. లోపల రిజిస్ట్రేషనుకు వేలిముద్రల మిషను మీద ఎంతటివాడైనా వేలు పెట్టాల్సిందే, అది వేరు. సంతకం చేయాల్సినచోట చేతకాక బొటనవేలు చాపడం వేరు. అలాంటి మనిషి వస్తే బెంజిమిన్ ఆ వేలిని, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు, రెండు వేళ్లతో ఎత్తి, సిరా దిండు మీద అద్ది, కాగితం మీద దొర్లించి వదిలేసేవాడు. తర్వాత తన చెయ్యి జేబురుమాలుతో తుడుచుకునేవాడు.

"పేరు రాసుకోను నాలుగక్షరాలు నేర్వడానికి అరవై ఏళ్లు చాల్లా?"

అరవై ఏళ్లు మిరప చేలల్లో నడుము వంచిన మనిషి దానికేం చెబుతాడు? నవ్వి ఊరుకునేవాడు. తన మాట గురి తప్పలేదని బెంజిమిన్ కూడా నవ్వేవాడు.

అటువంటి బెంజిమిన్‌కు కుడి చెయ్యి వణకడం మొదలైంది.

ముందు టీ తొణికింది. గ్లాసు నిండా పోస్తున్నాడని టీ కొట్టువాణ్ణి తిట్టాడు. తర్వాత తలకట్లు వంకర పోయాయి. బల్ల కాలు పొట్టిదైందని దాని కింద అట్టముక్క పెట్టించాడు. స్టాంపు కాగితాలు నాసిరకం వస్తున్నాయన్నాడు. ఝాన్సీ ప్రింటరు అదురుతోందని దాన్ని వరండా చివరికి నెట్టించాడు. ప్రింటరు అవతలికి పోయింది, వణుకు ఇవతలే ఉండిపోయింది.

నవంబరులో ఎరువుల కొట్టు పాండురంగారావు దాచేపల్లి రోడ్డులో స్థలం కొని దస్తావేజు రాయించుకున్నాడు. చివర బెంజిమిన్ చేసిన సంతకాన్ని కళ్లద్దాలు పైకెత్తి మరీ చూశాడు.

"ఏంది బెంజిమినూ, ఇది సంతకమా, గుండెకాయకి తీసే ఈసీజీయా?"

"బల్ల కదిలింది శెట్టిగారూ."

"బల్ల కదల్లా. నేను మోచెయ్యి దానిమీదే ఆనిచ్చి కూచున్నా."

లోపల గుమాస్తా కూడా అదే మాట అన్నాడు, కాకపోతే నవ్వకుండా అన్నాడు. లైసెన్సు మీది సంతకానికీ దీనికీ పొంతన లేదు. మార్చిలో లైసెన్సు మళ్లీ రాయించుకోవాలి, అప్పుడు రిజిస్ట్రారు ముందు మూడుసార్లు సంతకం పెట్టాలి, మూడూ పాతదానితో కలవాలి.

"కలవకపోతే?" అని అడిగాడు బెంజిమిన్.

గుమాస్తా బల్ల మీది సిరా దిండు వైపు చూశాడు. "వేలిముద్ర వేసే దస్తావేజు లేఖరిని నేనైతే ఇంతవరకూ చూళ్లేదు," అన్నాడు.

ఆ రోజు బెంజిమిన్ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా మీద పడింది.

"ఏమే, ఈ కంచమేంది ఇట్టా ఊగుతంది?"

"ఊగేది కంచం కాదయ్యా, నువ్వు," అంది భార్య రాహేలు. "చానా రోజుల్నుంచీ చూస్తన్నా. రేపు గుంటూరు పోతన్నాం."

గుంటూరులో మెదడు డాక్టరు పేరు హరిత. నలభై ఏళ్లుంటాయి. అన్ని పరీక్షలూ చేయించి, మందులు ఇచ్చి చూసి, మందులతో లొంగే వణుకు కాదని తేల్చింది. మెదడులో లోతుగా ఒకచోటికి సన్నటి తీగ దించి, ఛాతీ మీద చర్మం కింద చిన్న బ్యాటరీ అమర్చాలని చెప్పింది. తీగ ఏ దారిన పోవాలో స్కానింగు బొమ్మ మీద ముందే గీసుకుంటారు. మర చెయ్యి ఆ దారికి గురిపెట్టి చలించకుండా నిలబడుతుంది. పని చేసేది డాక్టరే.

"అంటే నీ చెయ్యీ వణుకుద్దా అమ్మా?" అని అడిగాడు బెంజిమిన్.

"వణకదండీ. కానీ నాదీ మనిషి చెయ్యే కదా. లోపల ఆవగింజంత తేడా వచ్చినా కష్టం."

ఆమె ఒక కాగితం మీద తల బొమ్మ గీసి, పక్కన నాలుగు మాటలు రాస్తూ వివరించింది. మెదడులో ఎడమ సగం కుడి చేతిని నడుపుతుందనీ, కుడి సగం ఎడమ చేతిని నడుపుతుందనీ, అందువల్ల తీగ ఎటువైపు దించాలో చెబుతూనే ఉంది. రాహేలు తలూపుతూ వింది. బెంజిమిన్ వినలేదు. ఆయన ఆమె రాసిన అక్షరాలు చూస్తున్నాడు. చూస్తున్నకొద్దీ ఆయన మూతి కుడి చెవి వైపు జరిగిపోతోంది.

"డాక్టరమ్మా, ఈ రాతతోనా నువ్వు నా బుర్ర తెరిచేది?"

"అందుకే కదండీ మర చెయ్యి పెట్టుకుంది," అని డాక్టరు నవ్వింది. రాహేలు కూడా నవ్వింది. ఈసడింపులో తనకు జవాబు చెప్పగల మనిషిని బెంజిమిన్ అంతవరకూ చూడలేదు కాబట్టి, ఆయనకు నవ్వు రాలేదు.

ఆపరేషను జనవరిలో కుదిరింది. ఆ రోజు పొద్దున్నే షాహిస్తా అనే నర్సు వచ్చి నాలుగు పేజీల అంగీకార పత్రం చేతికిచ్చింది. మామూలు మనిషైతే అడిగినచోట సంతకం పెట్టి, మిగతాది దేవుడికి వదిలేస్తాడు. తాను మామూలు మనిషినన్న అనుమానం బెంజిమిన్‌కు కలలో కూడా రాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివాడు. "ఇందుమూలముగా" అని మొదలుపెట్టలేదు, తండ్రి పేరు రాయలేదు, హద్దులు లేవు. ఎవరో చదువురాని వెధవ రాశాడని ఒక నిర్ణయానికొచ్చాడు. మూడో పేజీలో ఆ నిర్ణయానికి రుజువు దొరికింది.

మెదడు ఎడమ వైపున ఆపరేషను చేయుటకు, అని ఉంది.

బెంజిమిన్ తన కుడి చేతి వైపు చూశాడు. అది వణుకుతోంది. ఎడమ చేతి వైపు చూశాడు. అది బుద్ధిగా ఉంది. ఆయన ముఖం మీదికి కొన్ని నెలలుగా లేని వెలుగు వచ్చింది. తూర్పు హద్దును పడమర రాసి, మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన కాగితాలు ఆయన ఎన్ని చూడలేదు! ఇంత పెద్ద ఆస్పత్రి, ఇంతమంది డాక్టర్లు, కోట్ల మర, తీరా చూస్తే హద్దు తప్పు.

ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఎడమ" మీద ఒక గీత గీశాడు. దాని పైన "కుడి" అని రాశాడు. మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టాడు. రివాజు ప్రకారం పేజీ అడుగున "ఈ పేజీలో కొట్టివేత ఒకటి, దిద్దుబాటు ఒకటి" అని రాశాడు. చివరి పేజీలో పూర్తి సంతకం చేశాడు. ఈ మొత్తానికీ పావుగంట పట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే పాపం సిగ్గుపడతారని ఊరుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆపరేషనయ్యాక అందరినీ ఒకచోట నిలబెట్టి సిగ్గుపడేలా చేయాలన్నది అసలు ఉద్దేశం. షాహిస్తా చివరి పేజీలో సంతకం ఉందో లేదో చూసుకుని కాగితాలు ఫైల్లో పెట్టేసింది.

గుండు గీశారు. ఎడమ చేతికి సెలైను సూది గుచ్చి, కదలకుండా చిన్న చెక్కకు కట్టారు. ఈ ఆపరేషనులో మనిషిని మెలకువగానే ఉంచుతారు. చెయ్యి ఎప్పుడు కుదురుకుందో మనిషే చూపించాలి కాబట్టి. బల్ల మీద పడుకున్న బెంజిమిన్ తన తల పక్కకు వచ్చి నిలబడిన మర చేతిని తేరిపార చూశాడు. దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ముసుగు తొడిగారు.

"ఇదేనా మీ మరమనిషి? మా పక్క సున్నపురాయి క్వారీలో జేసీబీకి ఇంతకన్నా తీరైన చెయ్యుంటది. దీనికి రాయడమొచ్చా?"

"రాయదు బాబాయ్, దారి చూపిస్తది," అంది షాహిస్తా.

"వేలు చూపించే ఉద్యోగమన్నమాట. మా ఆఫీసులో చానామంది ఉన్నారు."

మొదలుపెట్టే ముందు ఒకరు కాగితాలు పైకి చదవాలి, మిగతావాళ్లు ఔననాలి. అది అక్కడి పద్ధతి. షాహిస్తా ఫైలు తెరిచింది. "పేషెంటు పేరు బెంజిమిన్. వయసు అరవై ఆరు. ఆపరేషను చేసేది మెదడు కుడి..." అని ఆగిపోయింది.

అందరూ గోడ మీది తెర వైపు చూశారు. అందులో తీగ పోవాల్సిన ఎర్రగీత ఎడమ వైపున ఉంది.

"ఆపండి," అంది డాక్టరు హరిత. మర చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె వచ్చి కాగితం చూసింది. "ఇది ఎవరు మార్చారు?"

"నేనే," అన్నాడు బెంజిమిన్, పడుకునే. ఆయన ఎదురుచూసిన ఘడియ కాస్త ముందే వచ్చింది. "కింద నోటు కూడా రాశా, చదువుకోండి. వణికే చెయ్యి కుడిదైతే, బుర్ర ఎడమదని రాసుకున్నారు. నేను చూడబట్టి సరిపోయింది. లేకపోతే ఈ జేసీబీ ఎక్కడ తవ్వేదో!"

డాక్టరు అరవలేదు. ఒక స్టూలు లాక్కుని ఆయన ముఖం దగ్గర కూర్చుంది.

"బెంజిమిన్ గారూ, మాది రొంపిచెర్ల. మా నాన్నకు రోడ్డుకు ఇవతల బోరు, అవతల పొలం. రోడ్డు కింద నుంచి పైపు. అవతల పొలం ఎండిపోతుంటే మీరు ఎక్కడ రిపేరు చేస్తారు?"

"ఇవతల, బోరు దగ్గర. అవతల బోరే లేదంటివిగా."

"మీ కుడి చెయ్యి అవతలి పొలం. దాని బోరు మెదడులో ఎడమ పక్కనుంది. నరాలు మధ్యలో దాటతాయి. మొదటి రోజే బొమ్మ గీసి చెప్పాను."

"చెప్పావేమో," అన్నాడు బెంజిమిన్. గొంతు కాస్త తగ్గింది. రోడ్డు కింద పైపు వేసుకునే హక్కు గురించి ఆయన తన చేత్తో ఎన్ని దస్తావేజులు రాశాడో లెక్కలేదు.

"మీ దిద్దుబాటు ప్రకారం పోతే బాగున్న పక్కన రంధ్రం చేసేదాన్ని. ఈ చెయ్యి ఇట్లాగే వణుకుతుండేది."

బెంజిమిన్ కళ్లు మూసుకున్నాడు. నలభై రెండేళ్లలో ఆయన ఒక కాగితంలో హద్దు తప్పు రాయడం అదే మొదటిసారి, అది కూడా తన తల మీద.

అక్కడి నుంచి మొదలైంది ఆ ముప్పావు గంట. మర చెయ్యి గాలిలో ఉంది. స్కానింగులన్నీ మళ్లీ మొదటి నుంచి చూశారు. కొత్త అంగీకార పత్రం అచ్చు వేసుకొచ్చారు. సాక్షిగా రాహేలును లోపలికి పిలిచి, పచ్చ గౌను తొడిగి, పక్కన నిలబెట్టారు. అంతా సిద్ధం. ఇక ఆయన సంతకం ఒక్కటే కావాలి.

షాహిస్తా అట్ట పట్టుకుంది. బెంజిమిన్ పెన్ను పట్టాడు. పొద్దున మణికట్టు బిగించి పట్టిన ఎడమ చెయ్యి ఇప్పుడు చెక్కకు కట్టి ఉంది. ఏసీ చలి, దానిమీద సిగ్గు. పెన్ను కాగితం మీద వడ్రంగిపిట్టలా పొడిచింది. రెండోసారికి కాగితం చిరిగింది. ఇంకో కాగితం తెచ్చారు. అదీ చిరిగింది. అప్పుడు షాహిస్తా వెళ్లి సిరా దిండు తెచ్చింది.

"అది తీసెయ్," అన్నాడు బెంజిమిన్. "ఇంకో రోజు పెట్టుకుందాం."

"మళ్లీ తేదీ దొరికేది ఏప్రిల్లోనే," అంది డాక్టరు.

ఏప్రిల్లో అంటే మార్చి దాటాక. మార్చిలో రిజిస్ట్రారు ముందు మూడు సంతకాలు. ఇక్కడ నలుగురి ముందు ఒక వేలిముద్ర, లేదంటే అక్కడ ఊరందరి ముందు మూడు. బెంజిమిన్‌కు ఈ లెక్క తెలియక కాదు. కానీ బొటనవేలు పిడికిట్లోకి దూరి బయటికి రానంటోంది.

"వెయ్యవయ్యా," అంది రాహేలు. "నలభై ఏళ్లుగా ఊళ్లో అందరి వేళ్లూ సిరాలో ముంచావు. ఎవురన్నా చచ్చారా?"

"ఏమే, నువ్వు సాక్షివి. సాక్షి మాట్టాడకూడదు."

"అయితే సాచ్చి సంతకం నేను పెట్టను. లే, ఇంటికి పోదాం. రేపట్నుంచి ముద్దలు నేను కలిపి పెడతా, నోరు తెరువు."

బెంజిమిన్ పిడికిలి విప్పాడు. షాహిస్తా సిరా దిండును ఆయన కుడి బొటనవేలి దగ్గరకు తెచ్చింది.

"ఎడమది!" అని కసిరాడు. "మగాళ్లకి ఎడమ బొటనవేలు. ఆ మాత్రం తెలీకుండా ఎట్టా ఉజ్జోగాలిచ్చారు మీకు?"

"ఈసారి మాత్రం మీరే కరెక్టు," అంది డాక్టరు.

షాహిస్తా చెక్కకు కట్టిన చేతిలోంచి ఆ వేలిని జాగ్రత్తగా అందుకుని, అద్ది, కాగితం మీద దొర్లించింది. తర్వాత దూది తడిపి తుడిచింది. తన చెయ్యి కాదు, ఆయన వేలు.

తర్వాత పని సాఫీగా సాగింది. సూదులతో తలకు తిమ్మిరెక్కించారు. క్వారీలో రాయికి బెజ్జం వేస్తున్నట్టు చప్పుడైంది. మర చెయ్యి గురిపెట్టిన దారి వెంట డాక్టరు వెంట్రుక వెంట్రుకగా తీగ దించింది. "చెయ్యి చాపండి," అంది. చాపాడు. వణికింది. ఎక్కడో ఏదో తిప్పారు. మళ్లీ చాపమన్నారు. చాపాడు. గుంజకు కట్టిన దూడలా గింజుకునే చెయ్యి గాలిలో నిశ్చలంగా నిలబడింది. బెంజిమిన్ దాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"ఏదైనా రాయండి," అంది డాక్టరు, అట్ట ఆయన కళ్ల ముందు పట్టించి.

ఆయన సంతకం చేశాడు. తలకట్లు లేచి నిలబడ్డాయి, వరస చాలులా సాగింది. గదిలో అందరూ అట్ట మీదికి వంగారు. రాహేలు ఏడ్చింది.

"ఈ పెన్ను దరిద్రంగా ఉంది," అన్నాడు బెంజిమిన్. వెంటనే, "ఇందాకటి కాగితం తీసుకురండి. సంతకం చేస్తా. ఆ వేలిముద్ర చించెయ్యండి," అన్నాడు.

"అది రికార్డండీ. చించకూడదు," అంది డాక్టరు హరిత. "దస్తావేజులు రాసే మీకు నేను చెప్పాలా?"

మార్చిలో బెంజిమిన్ రిజిస్ట్రారు ముందు మూడు సంతకాలు పెట్టాడు. గుమాస్తా పాత కాగితం పక్కన పెట్టుకుని చూసి, మారు మాట లేకుండా ముద్ర కొట్టాడు. అతని రిజిస్టరులో రాత కోడి కెలికినట్టుందని చెప్పి మరీ బయటికొచ్చాడు బెంజిమిన్.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ ఆదివారం రాహేలు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ. ఆమె ఏదీ వదల్లేదు. కొట్టివేత ఒకటి, దిద్దుబాటు ఒకటి, వేలిముద్ర ఒకటి. సోమవారం పొద్దున పది కాకముందే పాండురంగారావు పని లేకుండా వచ్చి బెంజిమిన్ బల్ల ముందు కూర్చున్నాడు.

"గుంటూర్లో మర చెయ్యి నీ బుర్ర బాగుచేసిందంటగా బెంజిమినూ?"

"ఎవురన్నారు?"

"మీ ఆవిడే. నువ్వు వేలిముద్ర గూడా వేశావంట."

"ఆమె ఇంకెవుర్నో చూసుంటది. కళ్లు సరిగా ఆనవు."

"మరి ఆ మధ్య గుండేంది? మీరు తిరపతి పోరుగా?"

"ఎండలకి."

"నువ్వు గుండుతో తిరిగింది జనవరిలో గదా, అప్పుడు ఎండలా? సరేగానీ, చొక్కా కింద అట్టా ఎత్తుగా ఉందేంది?"

"పర్సు."

పక్క బల్ల దగ్గర టైపు చప్పుడు ఆగింది. ఝాన్సీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బెంజిమిన్ ఆమె వైపు చూడకుండా కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"వినండి శెట్టిగారూ. నేను గుంటూరు పోలా. నా చెయ్యి ఏనాడూ వణకలా. మరా లేదు, డాక్టరమ్మా లేదు. నేను పుట్టి బుద్ధెరిగి ఏ కాగితం మీదా వేలు పెట్టలా. ఈ కథంతా అబద్ధం."